చప్పుడు లేని కారు

కొత్త కారు గేటు ముందు ఆపి, తాళంచెవి ఇంకా చేతిలో ఉండగానే ఆయన తన ఇంట్లో అడుగుపెట్టాడు. ముందు గదిలో కిటికీ పక్కన భార్య కూర్చుని ఉంది.

“అది కాదండీ, తలుపైనా కొట్టకుండా లోపలికెలా వచ్చేస్తారు?”

“నేనే. కారు పెట్టి వచ్చాను. నువ్వు మాత్ర వేసుకున్నావా?”

“నువ్వా! పరాయి ఆడవాళ్లని పట్టుకుని నువ్వంటారా?”

“తప్పయిందండీ. మీరు. మీరు మాత్ర వేసుకున్నారా?”

“మా ఆయన వచ్చి ఇస్తేనే వేసుకుంటాను. ఇంతకీ కారులో వచ్చానంటున్నారు, చప్పుడేదీ?”

“కరెంటు కారండీ. చప్పుడుండదు.”

“అందుకే పిల్లిలా వచ్చేశారు. నడిరోడ్డు మీద ఛార్జింగ్ అయిపోతే?”

“అందరూ అదే అడుగుతారు. ఊళ్లో తిరగడానికి చాలు. బంకు దగ్గర వరసలో నిలబడక్కర్లేదు, కుదుపుల్లేవు, పొగ లేదు. మా ఆవిడకి పొగ పడదు.”

“అయితే ఆవిడ కోసం కొన్నారన్నమాట.”

“ఆవిడ కోసమే. పాత డొక్కుని వదిలించుకోమని ఏళ్ల తరబడి పోరింది.”

“మా ఇంట్లోనూ అదే పోరు! మా ఆయన కారు వీధి మొదట్లో ఉండగానే వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. సైలెన్సరుకి దగ్గు, తలుపులకి వణుకు. సిగ్గుతో చచ్చేదాన్ని. కానీ ఆ మోత వినగానే టీకి నీళ్లు పెట్టేస్తాను. ఆయన చెప్పులు విప్పేసరికి మరుగుతాయి.”

“అవును. కూర్చునేలోపే గ్లాసు చేతికొచ్చేది.”

“మీకెలా తెలుసు?”

“ఏదో... అలా అనుకున్నాను.”

“నిన్నా రాలేదు, మొన్నా రాలేదు. ఎక్కడ ఆగిపోయిందో మాయదారి కారు! అన్నయ్యగారూ, దారిలో మీకేమైనా ఎదురొచ్చిందా?”

“అన్నయ్యగారా?”

“మరేమనాలి? మీరూ నన్ను చెల్లెమ్మా అనండి, తప్పు లేదు.”

“ఆ ఒక్క మాటా అడక్కండి. నోరు రాదు నాకు.”

“అయ్యో, కళ్లల్లో నీళ్లేమిటి? మీ ఆవిడ బాగానే ఉందా?”

“బాగానే ఉంది. నవ్వుతుంది, కబుర్లు చెబుతుంది. నన్ను మాత్రం గుర్తుపట్టదు.”

“కట్టుకున్నవాణ్ణా!”

“అందర్నీ మర్చిపోయింది. నన్నొక్కణ్ణే గుర్తుపట్టేది. సరిగ్గా ఈ కారు... ఈ కారు మార్చిన రోజు నుంచీ...”

“ఉండండి, ఉండండి! వినిపిస్తోందా?”

“ఏమిటి?”

“సైలెన్సరు! మా ఆయనే!”

“కాదండీ, అది డ్రైవింగ్ స్కూలు వాళ్లు. వాళ్లకే కదా నేను అమ్మి...”

“మీరిక బయల్దేరండి, అన్నయ్యగారూ. అలిసిపోయి వస్తారు ఆయన.”

“వెళ్తానండీ. వెళ్తాను.”

ఆయన గేటు దాకా వెళ్లాడు. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు నడుపుతున్న ఆ పాత కారు దగ్గుతూ ఇంటి ముందు నుంచి దాటిపోయింది. ఆయన వెనక్కి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు చప్పుడయ్యేలా విప్పాడు.

“వచ్చారా! ఎన్నాళ్లకండీ! ఉండండి, నీళ్లు పెడతాను.”

“పెడుదువుగానిలే. ముందు మాత్ర వేసుకో.”

“ఇవ్వండి. ఇప్పుడే ఎవరో ఒకాయన వచ్చి వెళ్లాడు. గేటు దగ్గర ఎదురుపడలేదూ?”

“పడ్డాడు.”

“మంచివాడు, పాపం. పెళ్లామే గుర్తుపట్టడం లేదట. ఏమండీ, ఇన్నాళ్లూ నోటిదురుసు కొద్దీ తిట్టాను గానీ, మన డొక్కుని మాత్రం అమ్మకండేం. ఆ మోత లేకపోతే, వచ్చింది మీరేనని నాకెలా తెలుస్తుంది?”