వాని రొట్టె

ఇబ్రహీంపట్నంలో రజాకార్లు చిన్నకొడుకును పట్టుకుపోయి మూడు నెలలైంది. పోలీసు చర్య ముగిసినప్పటి నుంచి పెద్దకొడుకు రోజూ సైకిలు మీద వెతుకుతున్నాడు. పొద్దున్నే రెండు రొట్టెలు మూటగడుతున్న తల్లితో వాదన.

“ఒక్క రొట్టె చాలంటి గదనే, అవ్వా!”

“తమ్ముడు దొరికితే వానికేం పెడ్తవ్, నీ మొకమా?”

“మూసీ దాంక అంగూరు తోటల పొంటి తొవ్వంత ఖాళీ. ఎడ్లబండి గూడ ఎదురు రాదు.”

“తోటలల్ల అడిగినవా?”

“రోజు అడుగుతున్న. ఇప్పుడు నన్ను చూస్తెనే లేడని చెయ్యి ఊపుతున్నరు.”

“మరి వాని రొట్టె మల్ల ఇంటికి తెస్తలేవు. ఎవరికి పెడ్తున్నవ్?”

“మూసీ ఒడ్డుకు కూసోని నేనే తింటున్న.”

“ఎన్నొద్దుల సంది?”

“వారం.”

తల్లి మూట విప్పి ఒక రొట్టె తీసి పక్కన పెట్టింది. తర్వాత ఇంట్లో వాళ్లందరినీ వాకిట్లోకి పిలిచింది.

“ఎల్లుండి చిన్నోనికి దినాలు చేద్దాం.”