బోసి చేతులు

తిరుపతిలో కాన్పుల ఆసుపత్రి గేటు దగ్గర, వడమాలపేట నుంచి బస్సులో వచ్చిన భర్త, మంత్రసాని పని నేర్చుకుంటున్న భార్య చేతుల వంక చూసి నిలబడిపోయాడు. ఒక్క గాజూ లేదు.

"నేను బతికే ఉండానే."

"కనబడతానే ఉండావు కదా."

"ఊళ్ళో వాళ్ళకు కనబళ్ళేదు. నేను పనుండి నాలుగు దినాలు నగరి ఊరికి పోయినప్పుడు మన పక్కింటి నాగులమ్మ ఈడికొచ్చి నీ చేతులు సూసి పోయిందంట. నేను తిరిగొచ్చేసరికి మనింటి ముందర ఏడుపులు. నన్ను సూసి మా చిన్నాయన పరిగెత్తినాడు. నా దినాలకని గుమ్మడికాయ గూడా తెచ్చినారు. అదిప్పుడు నేనే తినాల్సొచ్చింది."

"గాజుల సందున మురికి నిలుస్తాదని నర్సమ్మ తియ్యమనింది. సబ్బు రాసి, ఒక్కటి గూడా పగలకుండా తీసినా."

"ఈ సదువు మనకొద్దు. మూట కట్టు, పోదాం."

"పోదాంలే. నీ చెల్లెలికి నెలలు నిండతా ఉండాయి. పోయిన కాన్పుకు మనూరి ముసిలి మంత్రసాని పేడ చేతులతోనే వచ్చింది, బిడ్డ దక్కలేదు. ఈతూరి గూడా ఆమెనే పిలుద్దామా?"

అతను చెప్పుతో మట్టి గీశాడు. బిడ్డ పోయిన రోజు చెల్లెలి ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"మరి ఊరికేం చెప్పేది?"

ఆమె కొంగు ముడి విప్పి, ఎర్రగాజులన్నీ అతని చొక్కా జేబులో వేసింది.

"ఎవురన్నా ఏడిస్తే గలగలమనిపించు."

తిరుగు బస్సులో వాళ్ళ ఊరి ముసలమ్మ ఒకామె అతన్ని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను జేబు కదిపాడు.