నిమ్మకాయలు తొక్కించిన కారు

మాలకొండయ్య లేడూ, కాన్వెంటు బస్సు తోలేవోడు, ఆయన సంగతి ఇది. మన ఊరి పిల్లకాయలంతా ఆ పసుపచ్చ బస్సెక్కే బడికి పోయింది. ఒక్క పిల్లకి దెబ్బ తగిలిందంటే చెప్పండి! ఎక్కినోళ్ళు కుదురుగా కూర్చునేదాకా బండి కదిపేవోడు కాదంట. తల్లులు ఆయన చేతికి పిల్లల్ని అప్పజెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి పోయేవాళ్ళు. ఆ బస్సు తప్ప ఆయనకి ఇంకో బతుకు తెలవదు. అది మనసులో పెట్టుకోని వినండి.

ఏమైందంటే, ఆయన అక్క అంకమ్మ లేదూ, ఆమె మొగుడు తిరపతయ్య కొత్త కారు కొన్నాడు. కొన్నాక పూజ చేయించాల కదా. కొండ కింద ఆంజనేయసామి గుడికాడ బండ్లు నిలిపే జాగా ఉంది చూడండి, అక్కడ కారుకి బొట్లు పెట్టి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంక కారు వాటిని తొక్కుకుంటా ముందుకి పోవాల. తిరపతయ్యకి లైసెన్సు లేదు, అప్పుడప్పుడే నేర్చుకుంటా ఉండాడు. మాలకొండయ్యేమో, బావా నువ్వు దిగు, నేను తొక్కిస్తా అన్నాడంట. ఆ మాటకి తిరపతయ్యకి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "కొన్నోడి చేత్తోనే తొక్కించాలిరా. ఇంకోడు తొక్కిస్తే ఆ బండి మనకి అచ్చిరాదు" అన్నాడు. పూజారి కూడా అంతేనన్నాడు. సరే, ఎక్కాడు. బ్రేకు మీద పెట్టాల్సిన కాలు తీసకపోయి యాక్సిలేటరు మీద పెట్టి తొక్కాడు! కారు ఒక్క దూకు దూకి గేటు స్తంభానికి గుద్దుకుంది. బంపరు ఊడింది, లైటు పగిలింది, కారుకైతే అంతే. స్తంభం పక్కన నిమ్మకాయలమ్మే చెంచమ్మవ్వ కూర్చోనుంది. గంపకి కారు తగిలి, గంప వచ్చి ఆమెకి తగిలి, అవ్వ వెనక్కి పడింది. తల గట్టుకి కొట్టుకుంది. మళ్ళీ తనే లేచింది. "నాకేం కాలేదయ్యా, ముందు ఆ కాయలేరండి" అనింది. నెత్తురు లేదు, వాపు లేదు. ఆ పొద్దు గుడికాడ ఇంకెవురూ లేరు, అక్కా బావా ఈయనా పూజారీ కాయలేరి గంపలో పోసి, ఎవురిళ్ళకి వాళ్ళు పోయారు.

ఇంక ఇన్సూరెన్సు. లైసెన్సు లేనోడు తోలితే క్లెయిము రాదని ఎవురో చెప్పారంట. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మాలకొండయ్య ఇంటికొచ్చారు. ఒక్క మాటే కదా తమ్ముడా, నువ్వు తోలావని చెప్పు, నీకు లైసెన్సు ఉంది, ఇన్నేళ్ళలో నీ మీద ఒక్క మచ్చ లేదు, నిన్నెవురు అడుగుతారు అని అంకమ్మ. అక్క గడప తొక్కి అడిగితే కాదంటాడా? మీరైతే అంటారా? ఏందమ్మాయ్, తల అడ్డంగా ఊపుతా ఉండావు, నీకు అక్క లేదులే. ఈయన సరేనన్నాడు. అనడమే కాదు, చెంచమ్మవ్వ కాడికి పోయి, కారు చూడను ఇన్సూరెన్సు సర్వేయరు వస్తాడు, నేనే తోలానని చెప్పవ్వా అని బతిమాలుకున్నాడంట. "అదేంది నాయనా, నువ్వు పక్కన నిలబడి దణ్ణం పెట్టుకుంటా ఉండావు, నేను నా కళ్ళతో చూస్తిని కదా" అనింది అవ్వ. "మా అక్క ముచ్చటపడి కొనుక్కుంది అవ్వా." "సరేలే. నా మనవరాలిని రోజూ భద్రంగా దించుతావు. నీ మాట ఎందుకు తీసెయ్యాల" అనింది. సర్వేయరు వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు, తోలిందెవరమ్మా అన్నాడు. అవ్వ మాలకొండయ్య మొహం చూసి, "ఈ బాబే" అనింది. అంటా అంటా కొంగుతో తల అదిమి పట్టుకుంది. తల దిమ్ముగా ఉందయ్యా అంటే, ఎండకి అవ్వా, నీడకి జరుగు అన్నారు. ఎండకంట!

క్లెయిము వచ్చింది, కొత్త బంపరు వచ్చింది. ఆ కారు షెడ్డు నుంచి ఇంటికొచ్చిన నాడే అవ్వ గంప ముందర ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసకపోతే తల లోపల నెత్తురు గడ్డకట్టి ఉందన్నారు. బతకలేదు. కొడుకు స్టేషన్లో కేసు పెట్టాడు. తోలిందెవరంటే, ఇన్సూరెన్సులో మాలకొండయ్య పేరు ఉండనే ఉంది. అప్పుడు ఈయన, అయ్యా నేను కాదు, మా బావ, అని ఉన్నదున్నట్టు చెప్పాడు. మరి అప్పుడు నువ్వేనని ఎందుకు చెప్పావు, చూసినోళ్ళు ఎవురన్నా ఉండారా అన్నాడు ఎస్సై. పూజారిని పిలిస్తే, మంత్రం చదువుతా కళ్ళు మూసుకున్నానన్నాడు. తిరపతయ్య నేల చూపులు చూస్తా, "నువ్వే కదా కొండయ్యా చెప్పింది" అన్నాడు. అంకమ్మ తలుపు తియ్యలా. తోలింది ఈయన కాదని కళ్ళారా చూసి, నోరు తెరిచి చెప్పగలిగింది ఒక్క అవ్వే. ఆమె చేతేమో ఈయనే అబద్ధం చెప్పించాడు.

బడోళ్ళు బస్సు తాళం తీసుకున్నారు. కేసు తేలాక చూద్దామన్నారంట. ఇంకా తేలలా. అవ్వ మనవరాలు దారిలో ఆయన్ని చూస్తే వాళ్ళమ్మ వెనక్కి పోయి దాక్కుంటా ఉంది. ఈయనేమో అన్నం పెట్టినా తినడు, ఆ స్తంభం కాడే నిలబడుంటాడు. కొత్త కారు పూజకొస్తే చాలు, చేతులు చాపి జనాన్నంతా దూరంగా తోలతాడు. లోపలికి వొంగి, "లైసెన్సు ఉందా నాయనా?" అని అడుగుతాడు. పిచ్చోడనుకోని పదో పరకో చేతిలో పెట్టిపోతారు.

తిరపతయ్య కారు మీరూ చూస్తానే ఉంటారు. ఎక్కడ గుద్దుకుందో కనుక్కోమనండి, ఎవురూ కనుక్కోలేరు, అంత బాగా చేశారు. మొన్న నేను సంతనుంచి నడిచొస్తంటే పక్కన ఆపి, ఎక్కు పిన్నీ, ఇంటికాడ దించుతా అన్నాడు. మోకాళ్ళు నొప్పులే నాకు. అయినా నడిచే వచ్చా.