కొట్టకుండా వదిలేసిన బంతులు

టీ విరామంలో ఇద్దరు ఫాస్ట్ బౌలర్లు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నారు. పెద్దవాడు బూట్లు విప్పి గోడకి చేరగిలబడ్డాడు.

“అన్నా, ఇంతమందికి బంతులేశావు. వాళ్లలో గొప్పోడెవరు?”

“ఇవాళ మనల్ని ఎండలో మాడుస్తున్నాడే, వాడే.”

“ఎలా చెప్పగలవు?”

“మామూలోడు చెత్త బంతి కోసం కాచుక్కూర్చుంటాడు. వీడు నా మంచి బంతినే కొడతాడు. పదేళ్లుగా నన్ను ఉతికి ఆరేశాడు. అయినా నాకు చిన్నతనం అనిపించలేదు. నన్ను లెక్కలోకి తీసుకున్నాడు కాబట్టే కొడుతున్నాడనుకునేవాణ్ణి.”

“ఇవాళ నీ బౌలింగ్‌లో ఒక్క ఫోరూ కొట్టలేదుగా! పైచేయి నీదే.”

“టీకి ముందు నా చివరి ఓవర్లో కాళ్ల మీదికి ఈడ్చుకుంటూ వెళ్లిన బంతులు చూశావా? బడిపిల్లాడైనా బౌండరీ దాటించేవాడు. వాడు ఒద్దికగా నెట్టి ఊరుకున్నాడు.”

“మర్యాదేమో అన్నా.”

“మర్యాదైతే కొట్టేవాడురా. జాలిపడ్డాడు. నా పనైపోయిందని నాకంటే ముందు వాడికే తెలిసింది.”

“అలా అనకు. కెప్టెన్ కొత్త బంతి నీకే ఇస్తానంటున్నాడు.”

“నువ్వు తీసుకో. నాకు మోకాలు నొప్పిగా ఉందని చెప్పు.”

“నిజంగానే నొప్పా?”

“లేదురా. నొప్పే అయితే, తగ్గుతుందన్న ఆశైనా ఉండేది.”