గోపీనాథన్న దొడ్లో తెల్లకారు

అబ్బబ్బ, ఆ శెనక్కాయలు రోంతసేపు పక్కన పెట్టు మే! గంట నుంచి నోరు నొప్పి పుట్టేట్ల చెప్తాండా, నువ్వేమో టప్పు టప్పుమని కాయలు ఒలుస్తాండావు. ఇత్తనమేసేకి ఇంగా నెల ఉండాది. వానకే తొందర లేదు, నీకెందుకు?

కారు గురించి మే నేను చెప్పేది. గోపీనాథన్న దొడ్లో, ఎనుముల కొట్టం పక్కన పడుండాదే, ఆ తెల్లకారు. నలభై వేలకు ఇస్తానంటాండాడు. నలభై! ఆ దుడ్లకు ఈ పొద్దు ఒగ మంచి ఎనుము కూడా రాదు.

అదో, అట్ల చూస్తావని నాకి ముందే తెలుసు. ఔ, ఆ కారే. నువ్వు సర్పంచికి నిలబడిన యేడు, బేతంచెర్లకు బండల పనికి పోయిన మనూరోళ్లను ఓట్లకని తోలుకొస్తాండిన కారే. పత్తికొండ దాటినంక నడిరోడ్డు మీద ఆగిపాయ. దాంట్లో ఏడు ఓట్లు. నువ్వు ఓడిపోయింది మూడు ఓట్లతో. నేనెట్ల మర్చిపోతా?

తోలింది నీ తమ్ముడు, నా బామ్మర్ది, చిన్న ఈరన్న... సరే సరే, వాని పేరెత్తను. ఈ ఇంట్లో వాని పేరు పలకకూడదని తెలుసు. నీ మీద నిలబడిన నాగక్కోళ్ల కాడ దుడ్లు తీసుకొని కావాలనే కారు ఆపినాడని ఊరంతా అనె, నువ్వూ నమ్మితివి. నెల తిరగకముందే వాడు కొత్త ఫోను కొనె, ఇంగేముంది! 'నా గడప తొక్కద్దు' అంటివి వాణ్ణి. నేనేమీ అనలేదు అప్పుడు. ఇప్పుడూ ఏమీ అనను. నేను కారు సంగతి చెప్పేకి వచ్చినా, అంతే.

ఎందుకంత చవక అంటావా? అచ్చిరాని బండి అని పేరు పడిపాయ కదా మే! పెండ్లికి అడగరు, ఆస్పత్రికీ అడగరు. పోయినేడు ఒగాయన కొనేకని వచ్చి, కత తెలిసినాక, గోపీనాథన్న ఇచ్చిన టీ కూడా తాగకుండా ఎల్లిపాయ. గోపీనాథన్నకే దాన్ని చూస్తే కడుపు మంట. నిన్ను నిలబెట్టింది ఆయప్ప, కారిచ్చింది ఆయప్ప, ఖర్చు పెట్టిందీ ఆయప్పే. మూలన పెట్టి గడ్డి కప్పినాడు.

ఇప్పుడు నేనేం చేస్తా, ఇను. బ్యాటరీ కొత్తది ఏస్తా. టైర్లు పగుళ్లిచ్చినాయి, ఆదోనిలో పాతవి దొరుకుతాయి. సీట్లలో ఎలకలు పిల్లల్ని పెట్టుండాయి, వాటిని బతిమాలి పంపిచ్చల్ల. రోంత పెయింటు. మొత్తం ఒగ ముప్పై వేలు. ఆమీన తుమ్మలపల్లె పక్కకు తీసుకపోయి అమ్ముతా. ఆడ మైన్సు కాడ కంట్రాక్టర్లు మనుషులను తోలేకి ఇట్లాంటి బండ్లే ఎతుకుతాంటారు. కడప జిల్లాలో మనూరి ఎలక్షన్ల సంగతి ఎవురికి తెలుసు చెప్పు? లక్షా ఇరవైకి కండ్లు మూసుకొని ఎత్తుకపోతారు.

లేకుంటే నాగక్కకే అమ్ముదామా? నీ మీద గెలిచి ఐదేండ్లు కుర్చీలో కూసునె కదా! మళ్లా ఎలక్షన్లు వస్తాయంటాండారు. ఆ కారులోనే ఊరంతా తిరిగి ఓట్లు అడుక్కోమందాం. రోంత రేటు తగ్గిచ్చి అయినా ఇద్దాం ఆయమ్మకు.

నవ్వినావు! నవ్వలేదంటావా? ఇదో, నా నడుముకుండే తాయెత్తు మీద ఒట్టు, ఇప్పుడే పండ్లు కనపడె నాకి.

నీది ఒగ సంతకం కావల్ల, అంతే. పొదుపు సంఘంలో నీ పేరు మీద యాభై వేలు లోను ఇస్తారంట, మిగిలింది నేను సర్దుతా. మీ లీడరు శివలీలతో మాట్లాడినా. ఔ, నీకంటే ముందే మాట్లాడినా. తప్పే. తిట్టు. తిట్టినాక సంతకం పెట్టు.

ఏంది? దానికి ఏమైండాదా?

ఏమయ్యేది... కారు కదా, ఏదో ఒగటి ఐతాది. అన్ని రోజులు పడుంటే మనిషికే కీళ్లు పట్టుకుంటాయి. నువ్వడిగేది పోలీసోళ్లు అడిగినట్లుండాది.

ఇంజను పోయిందని అప్పుడు చెప్పింది నేనే, లేదనలేదు. బాగు చేసేకి లక్షన్నర ఐతాదని గోపీనాథన్నకు చెప్పిందీ నేనే. ఐతే ఏమి? పెద్ద పెద్ద డాక్టర్లే ఒగ రోగానికి ఇంగోటి చెప్తాండారు. నేను ఆలూరు రోడ్డులో రేకుల షెడ్డు ఏసుకొని మోటర్లు, ట్రాక్టర్లు బాగు చేసుకునేవాణ్ణి. నేను తప్పు చెప్పకూడదా?

ఇప్పుడు ఇంజను బాగుండాదని ఎట్ల తెలుసంటే... ఎట్ల తెలుసంటే ఏంది మే, మూణ్ణెల్లకోసారి పోయి, పానా ఏసి చేత్తో తిప్పి, రోంత ఆయిలు పోసి వస్తానే ఉండా కదా. తిప్పకుంటే పట్టుకుంటాది.

...

ఎందుకు ఆగిపోయినావు? ఒలుచుకో మే. వాన ఎప్పుడైనా పడొచ్చు. ఇత్తనాలు రెడీగా ఉండల్ల కదా.

ఎవురు తిప్పమనిరి అంటే... ఎవురూ అనలేదు. గోపీనాథన్న బోరు మోటరు కాలినప్పుడంతా పోయేది నేనే. పోయినప్పుడు దాన్ని చూస్తే పాపమనిపిస్తాది. కారు మీద మే. కారు మీదే.

అదంతా వదిలెయ్. అసలు సంగతి ఇను. సోమారం ఆదోని నుంచి పాత ఇనుము వ్యాపారి వస్తాండాడు. మనం తీసుకోకపోతే వాడు ఎత్తుకపోతాడు. వాడు ఊరికే ఎత్తుకపోడు, వాని ఎంట ఒగ మెకానిక్కు వస్తాడు. బానెట్టు ఎత్తుతాడు. గోపీనాథన్న పక్కనే నిలబడుంటాడు.

ఎత్తితే ఏమైతాదా? ఏమీ కాదు. దుమ్ముంటాది.

మే, అట్ల చూడద్దు. నువ్వు తిట్టితే తట్టుకుంటా. గమ్మునుంటే నాతో కాదు. ఇరవై రెండేండ్ల సంసారంలో నువ్వు గమ్మునుండింది నాలుగు సార్లు, నాలుగు సార్లూ నేనే ఓడిపోతి.

తాయెత్తు పట్టుకొని చెప్పల్లనా? సరే, తాయెత్తు మీద...

వద్దులే. ఇంగ దీని మీద ఒట్టేసేది వద్దు. ఆ కత్తెర ఇట్లియ్యి. కత్తెర! మన గుర్తు గూడా కత్తెరే కదా మే ఆ యేడు. ఇదో, దారం తెంపినా. ఆ నల్లబట్ట నువ్వే ఇప్పు.

దర్గాలో ఇచ్చిరని చెప్పింటి నీకి. నువ్వు శుక్రారం శుక్రారం దానికి ఊదుబత్తి పొగ గూడా పడితివి. నాకి నవ్వాలో ఏడ్చాలో తెలిసేది కాదు.

ఇత్తడి నట్టు మే అది. డీజిలు పైపుది. ఆ కారుకు పోయింది ఇదొగటే.

కూసో. లెయ్యద్దు. మొత్తం చెప్తా, మధ్యలో ఆపితే మళ్లా నాకి ధైర్యం రాదు.

ఎలక్షన్లప్పుడు బోరింగు కాడ నువ్వు మైకు పట్టుకొని మాట్లాడితివి చూడు. చేతిలో కాయితం ముక్క కూడా లేదు. నీళ్ల ట్యాంకు గురించి, మరుగుదొడ్ల బిల్లుల గురించి గడగడా చెప్తివి. ముసలోళ్లు గూడా ఈలలేసిరి. నాకి గుండె నిండిపాయ, అబద్ధం చెప్పను. నేను యాడుంటి? మైకు వైరు ఊడిపోకుండా చేత్తో పట్టుకొని నిలబడుంటి.

గోపీనాథన్న నా వీపు మీద తట్టె. 'ఏమప్పా అయ్యన్నా, ఇంగ నీకి షెడ్డుతో ఏం పని? సర్పంచమ్మ ఎనకాల సంచి పట్టుకొని తిరుగుపో' అనె. అందరూ నవ్విరి. నువ్వూ నవ్వితివి. ఏదో నవ్వులాటకు నవ్వితివి, నాకి తెలుసు. అయినా కాలిపాయ నాకి.

ఓట్ల ముందర రోజు కారు చెకింగుకని నా షెడ్డుకే వచ్చె. అప్పుడు పుట్టె ఆ పాడు బుద్ధి. నిన్ను ఓడగొట్టల్లని కాదు మే! పిల్లల మీద ఒట్టు, అది కాదు. ఈ నట్టును ఒగటిన్నర చుట్టు వదులు చేస్తి. తోలుతా తోలుతా పైపులో గాలి పట్టి, మనూరి ముందర వంక కాడికి వచ్చేసరికి ఆగిపోతాదని నా లెక్క. అందరూ లబోదిబోమంటారు. నేను పానా తీసుకొని పోతా. పది నిమిషాల్లో స్టార్టు చేస్తా. 'అయ్యన్న లేకుంటే మునిగిపోతాంటిమి' అని గోపీనాథన్న నలుగురిలో అంటాడు. నువ్వూ ఇంటావు. ఆ ఒగ మాట కోసరం చేస్తి.

లెక్క తప్పె. నలభై కిలోమీటర్లు అవతలే ఆగిపాయ.

ఇంగా ఉండాది, ఇను. నీ తమ్ముడు ఫోను చేసె. 'బావా, బస్సొగటి వస్తాండాది, వీళ్లను ఎక్కిచ్చేదా?' అని అడిగె. నేను ఏమంటి? 'యాడికీ పోవద్దు, పది నిమిషాల పని, నేను వస్తాండా' అంటి. బస్సు ఎల్లిపాయ. ఆ పొద్దు బైకు ఎంత గట్టిగా తోలినానో నాకే తెలుసు. ఆడికి పోయేసరికి మూడుంబావు. మూడున్నరకు ఓట్ల గేటు మూసిరి.

నట్టు బిగిస్తే స్టార్టయితాంటె. కానీ ఇంత చిన్న పనికా ఏడు ఓట్లు పాయ అని అడగరా? నిన్న చెక్ చేసింది నువ్వే కదా అనరా? నట్టు పీకి జేబులో ఏసుకొంటి. ఇంజను పోయిందని చెప్తి. ఏడు మందీ తలలు పట్టుకొని రోడ్డు పక్కన కూసుండిరి.

సాయంత్రం ఈ గడప కాడనే నువ్వు ఈరన్నను నోటికొచ్చినట్ల తిడతాంటే, వాడు నా పక్క చూసె. 'బావా, నువ్వన్నా చెప్పు' అనె. నా చేతికి గ్రీసు లేకున్నా నేను గుడ్డతో తుడుచుకుంటాంటి. అది చూసి, నాకూ వాని మీద కోపమొచ్చిందని నువ్వు అనుకొంటివి.

పోయినేడు వాని పెండ్లి పత్రిక వస్తే పొయ్యిలో పెడితివి చూడు. ఆ పొద్దు గూడా చెప్దామనుకుంటి. అన్నం తిన్యాక చెప్దాంలే అనుకుంటి. తిని పండుకుంటి. అట్లాంటోణ్ణి మే నేను.

ఇప్పుడన్నా ఎందుకు చెప్పినావంటే ఏం చెప్పల్ల? సోమారం ఆ మెకానిక్కు బానెట్టు ఎత్తితే నట్టు లేదని చెప్తాడు. గోపీనాథన్న నా తాట తీస్తాడు. ముందే మనం కొనేస్తే ఎవురికీ తెలీదని, దాని మీద రోంత లాభం గూడా వస్తాదని... ఔ, లాభం గూడా లెక్కేసుకుంటి. సిగ్గు లేదు నాకి.

తిట్టు మే. ఆ చాట తీసుకొని మొగాన కొట్టు.

ఫోనెందుకు తీసినావు? శివలీలకా? లోను వద్దని చెప్తావా? చెప్పు, మంచిదే.

శివలీలకు కాదా?

వాని నంబరు నీ కాడ ఇంగా ఉండాదా మే?

నా చేతికెందుకు ఇస్తాండావు... వద్దు మే. రేపు పొద్దున్నే బేతంచెర్లకు నేనే పోతా, మొగం మొగం చూసుకొని చెప్తా. మే, స్పీకరు పెట్టద్దు. నీ కాళ్లు పట్టుకుంటా, స్పీకరు...

హలో.

ఈరన్నా, నేనప్పా. మీ బావను. ఆఁ, అక్క బాగుండాది. ఈడనే కూసోనుండాది. కంగారు పడద్దు, ఎవురికీ ఏమీ కాలేదు.

అది కాదప్పా. కారు గురించి. ఆ తెల్లకారు... నట్టు వదులు చేసింది నేనే ఈరన్నా.

వాళ్లను బస్సు ఎక్కిచ్చద్దని నీకి చెప్పిందీ నేనే కదా, అది నీకి తెలుసు. అక్క అన్ని మాటలంటాంటే ఆ బస్సు మాట ఒగటి చెప్పింటే నీ మీద పడేది కాదు కదప్పా. ఇన్నేండ్లు అక్కకెందుకు చెప్పలేదు నువ్వు? మా సంసారం చెడుతాదనా?

హలో? ఈరన్నా, ఇంటాండావా?