తూము అవతలి గది

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. నా వయసు యాభై మూడేళ్ళు. కుట్టు మిషన్లు బాగు చేస్తాను. దుకాణం మా ఇంటి ముందు గదిలోనే ఉంది. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాది సొంతంగా నేర్చుకున్నాను. ఏ రోజు లెక్క ఆ రోజు రాసుకునే అలవాటు ఉంది కాబట్టి వారాలు, వేళలు తప్పు చెప్పను.

నా మీద వచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. మా వెనకింటాయన కుక్క పిల్లలు నాలుగింటిని నేను దొంగిలించానని అందులో ఉంది. ఆ నాలుగూ మా ఇంట్లోనే ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో చెబుతాను.

పదకొండేళ్ళుగా ఇంట్లో చిన్న జాతి కుక్కల్ని పెంచుతున్నాను. ఇప్పుడున్నది ఒక్కటే ఆడకుక్క. నల్లగా, చిన్నగా ఉంటుంది కాబట్టి మిరియం అంటాం. గుండె, మోకాళ్ళు పరీక్ష చేయించాకే జత కట్టించాను. దానికి ఇది రెండో ఈత. మూడోది ఉండదు. రెండు నెలలు నిండనిదే పిల్లను ఇవ్వను. తీసుకునేవాళ్ళ ఇల్లు చూడకుండా అసలే ఇవ్వను. "ఆడపిల్లనిచ్చేవాడు కూడా ఇంత ఆరా తీయడు" అని మా ఇంటావిడ ఎగతాళి చేస్తుంది.

ఈనే ముందు పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి మూడు తలకాయలు లెక్కపెట్టింది. ఈ నెల రెండో సోమవారం ఉదయం మూడే పుట్టాయి. గుర్తు కోసం మెడలకు ఎరుపు, పచ్చ, నీలం దారాలు వదులుగా కట్టాను. వాటి పెట్టె మా వెనక గదిలో ఉంది. ఆ గది తలుపు పెరట్లోకి తెరుచుకుంటుంది. పెరటి చివర గోడ వెనకింటాయన ఆఖరి గదిది. దానికి కిటికీ లేదు. నేలకు ఆనుకుని జానెడు వెడల్పు తూము ఉంది. ఆ గది కడిగిన నీళ్ళు రోజుకు ఎన్నోసార్లు తూములోంచి మా పెరటి కాలవలోకి వచ్చి పోతాయి. ఫినాయిలు వాసన వస్తుంది. అన్నిసార్లు ఎందుకు కడుగుతారో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ వారం శనివారం మధ్యాహ్నం రెండున్నరకు పెట్టెలో నాలుగు పిల్లలున్నాయి. నాలుగోదానికి దారం లేదు. ఇంటావిడను పిలిచాను.

"లెక్క తప్పారేమో" అంది.

"మూడు లెక్కపెట్టడం కూడా రాదా నాకు?"

"అయితే మిరియం మీకు చెప్పకుండా ఒకటి దాచుకుని ఉంటుంది. ఆడవాళ్ళం అన్నీ మీకు చెప్పే చేస్తామా?"

నేను నవ్వలేదు. ఆ పిల్ల మెడ తడిగా ఉంది. తల్లి నోట కరిచి తెచ్చినప్పుడు ఉండే తడి అది. కానీ పంటి గుర్తు ఎక్కడా లేదు. రోగమేదైనా అంటుతుందని దాన్ని వేరే బుట్టలో పెట్టాను. మిరియం వెళ్ళి తెచ్చుకుంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తెచ్చుకుంది.

బుధవారం మధ్యాహ్నం ఇంకొకటి ఉంది. దీనికి కళ్ళు తెరుచుకున్నాయి, నడుస్తోంది. మా పిల్లలు ఇంకా కళ్ళు తెరవలేదు. దీని మెడ కూడా తడిగా ఉంది. పంటి గుర్తు లేదు. పొద్దుటి నుంచి ముందు తలుపు దగ్గర నేనే కూర్చుని ఉన్నాను. నన్ను దాటి ఎవరూ లోపలికి రాలేదు.

వెనకింటాయన్ని వీధిలో అందరూ మెత్తనాయన అంటారు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. మా ఇంటావిడ మాత్రం, "మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు గానీ, ఈయన్ని చూస్తే పారిపోబుద్ధి అవుతుంది" అంటుంది. గురువారం పాల దుకాణం దగ్గర కనబడితే అడిగాను.

"మీ ఇంట్లో కుక్కలున్నాయా అండీ?"

ఆయన పాల ప్యాకెట్లు సంచిలో సర్దుకున్నారు. "మూడేళ్ళుగా మీదీ మాదీ గోడకు గోడ. ఒక్కసారైనా అరుపు వినిపించిందా అన్నయ్యగారూ?"

"లేదండీ."

"వినిపిస్తే చెప్పండి" అన్నారు.

ఆ మాట నిజమే. ఎక్కడైనా ఒక కుక్క అరిస్తే ఇంకో కుక్క బదులిస్తుంది. మూడేళ్ళలో మా కుక్కలు ఎంత అరిచినా ఆ గోడ అవతలి నుంచి బదులు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మంచి ఎండగా ఉంది. రెండుంబావుకు తూములోంచి ఒక కుక్క వెనక్కి వెనక్కి వచ్చింది. ముందు తోక వచ్చింది, తరువాత నడుము. చివరికి తల బయటికి వచ్చేసరికి నోట్లో పిల్ల ఉంది. పిల్ల బొడ్డు తాడు ఇంకా పచ్చిగానే ఉంది. ఈ కుక్క ముసలిది. తెల్లది అయి ఉండాలి, పసుపుపచ్చగా మారిపోయింది. పొదుగు నేలకు రాసుకుంటోంది.

నన్ను చూసి, పిల్లను కింద పెట్టి అరిచింది. అరిచింది అనే చెబుతున్నాను. మెడ చాచింది. నోరు తెరిచింది. డొక్కలు ఎగిరాయి. గట్టిగా అరిచినప్పుడు కుక్క ముందుకాళ్ళు నేల వదులుతాయి. అలాగే వదిలాయి. చప్పుడు మాత్రం లేదు. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ఊపిరి వచ్చింది, అంతే. ఆ నోట్లో ఒక్క పన్ను లేదు.

పిల్లలు పెట్టిన కుక్క పరాయి కుక్కను గుమ్మం తొక్కనివ్వదు. మిరియం పక్కకు జరిగి దారి ఇచ్చింది. ముసలిది పిల్లను పెట్టెలో వదిలి వచ్చింది. కోడిగుడ్డు చిదిపి ముందు పెట్టాను. ముట్టలేదు. తూములోకి వెళ్ళిపోయింది.

నేను నేల మీద పడుకుని ఫోను లైటు తూములోకి వేశాను. లోపల ఇనుప బోనులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మూడు వరసలు కనబడ్డాయి. ఆ పైన ఎన్ని ఉన్నాయో కనబడలేదు. వెలుతురు పడగానే అన్నీ నా వైపు తిరిగాయి. అన్నీ నోళ్ళు తెరిచాయి. అన్నీ అరుస్తున్నాయి. రేకు మీద గోళ్ళు గీసుకునే చప్పుడు, ఊపిరి వినబడ్డాయి. మిగతా అంతా నోళ్ళే. తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నేను లైటు ఆర్పేశాను. ఆర్పినా అరుస్తూనే ఉండి ఉంటాయి.

ఆ రోజు నుంచి మిరియం అరవలేదు. ఇప్పటికీ అరవడం లేదు. డాక్టరమ్మ చూసి దాని గొంతుకు ఏమీ కాలేదంది. ముసలిదాని సంగతి చెప్పాను. "గొంతులో నరం కోయించి ఉంటారు. ఇరుగుపొరుగుకు తెలియకుండా ఈతల మీద ఈతలు పెట్టించేవాళ్ళు చేయిస్తారు" అంది.

శనివారం ఈ స్టేషనుకే వచ్చి చెప్పాను. కానిస్టేబుల్ బాబు వెనకింటికి వెళ్ళి వచ్చాడు.

"చీమ చిటుక్కుమన్నా వినబడేంత ప్రశాంతంగా ఉంది బాబాయ్. ఆయన కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. కాసేపు కూర్చుని విన్నాను కూడా."

"ఆఖరి గది తెరిచి చూశావా?"

"చప్పుడే లేని గది తెరిపించి ఏం చూడమంటావు? నువ్వు ఆ మిషన్ల మోతలో ఉండీ ఉండీ... కాస్త నిద్రపో."

మంగళవారం మధ్యాహ్నానికి తూముకు లోపలి నుంచి ఇనుప వల బిగించి ఉంది. ముసలిది వల వెనక నిలబడి ఉంది. నోట్లో పిల్ల ఉంది. వలకు పిల్లను ఆనించి నెడుతోంది. పిల్ల ముఖం గళ్ళలో నొక్కుకుపోతోంది. అది ఆపడం లేదు. నేను దుకాణంలోంచి తీగ కత్తిరించే పట్టకారు తెచ్చి వల కోశాను. చేయి పెట్టి పిల్లను తీసుకున్నాను. ముసలిదాని కోసం మళ్ళీ చేయి చాచాను. అది నా వేళ్ళు నాకి వెనక్కి నడిచి చీకట్లోకి పోయింది. సాయంత్రానికి తూము ఇటుకలతో మూసేశారు. నిన్న ఆయన ఫిర్యాదు ఇచ్చారు.

తన ఇంట్లో ఒక్కటే కుక్క ఉందని, నాలుగూ దాని ఒక్క ఈతలోవేనని ఆయన రాయించారు. ఎస్సైగారూ, నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నడుస్తోంది, ఒకటి కళ్ళే తెరవలేదు. ఒక్క ఈతలో అలా పుట్టవు.

పిల్లల్ని ఇచ్చేస్తే ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారని, రాజీ పడమని మీరు చెప్పారు. మా ఇంటావిడ కూడా పొద్దున, "వాటంతట అవే వచ్చాయని చెప్పి బయటపడండి" అంది. మూడు అలాగే వచ్చాయి. నాలుగోది రాలేదు. ఆయన వల కోసింది నేను. ఆయన గదిలోకి మోచేతి దాకా చేయి పెట్టి ఆయన సొత్తు తీసింది నేను. ఇది దొంగతనం. నేను ఒప్పుకుంటున్నాను. కేసు కట్టండి.

రాజీ పడితే ఆ గది ఎవరూ చూడరు. కేసు కడితే నేరం జరిగిన చోటు మీరు చూడాలి. నేరం జరిగింది మా పెరట్లో కాదు, గోడకు అవతల, ఆ గదిలో. ఈ రోజే వెళ్ళండి. రేపటికి బోనులు ఉండకపోవచ్చు. గుమ్మంలో నిలబడి వినకండి. లైటు తీసుకెళ్ళండి.

ఇదంతా నేను చెబుతుండగా రాశారు. రాసింది నేనే చదువుకున్నాను. నేను చూసింది, చేసింది తప్ప ఇందులో ఇంకేమీ లేదు. ఎవరూ బెదిరించి చెప్పించలేదు.

కుడిచేయి వల తీగకు కోసుకుపోయి కట్టు కట్టి ఉన్నందున, సంతకానికి బదులు ఎడమచేతి బొటనవేలి ముద్ర.