లిడియా వాళ్ళక్క

హలో… ఆ, నేనే… నేనేనే, స్వర్ణక్కని.

పెట్టెయ్యకు! లిడియా, పెట్టెయ్యకే… ఇది మీ కౌంటర్లో వసుంధర ఫోను. నా నెంబరు చూస్తే ఎత్తట్లేదుగా నువ్వు. అందుకని అడిగి తీసుకున్నా.

…నిన్నట్నించీ చేస్తూనే ఉన్నా.

…నిద్రపోయావా? నిన్నట్నించీనా?

…సర్లే.

…కొట్లోనే ఉన్నా. వెనక సందులో, మెట్ల మీద. అన్నాల టైము. …తిన్లేదు, తింటాలే. …ఆ చప్పుడా? జనరేటరు. తెనాల్లో పొద్దుట్నించీ కరెంటు లేదు.

ముందు నీ సంగతి చెప్పు. ఎడం కన్ను మూతపడుతోందా? …చుక్కలు వేసుకుంటున్నావా? …పడుకునేముందు టేపు అంటించుకోమన్నాడుగా డాక్టరు, మర్చిపోకు. మూతి వంకరదేముంది, అదే సర్దుకుంటుంది. కన్ను జాగ్రత్త.

…లేదే, మాట బానే వస్తోంది. మొన్నటికంటే నయం. కొంచెం జారుతోందంతే.

…ఎవరూ? పక్కింటి కొండమ్మా? పక్షవాతానికని పావురం నెత్తురు తెచ్చిందా? …ఛీ, పూయించుకోకు. …పూసేసిందా!

…నవ్వట్లేదు. …సరే, నవ్వా.

…రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే గాలి కొట్టి వచ్చిందా? అలా అందా కొండమ్మ? …నిజమేనేమో మరి. ఎంత రద్దీలోనైనా నీకు కిటికీ సీటు ఎవరో ఒకళ్ళు లేచి ఇచ్చేవాళ్ళుగా. నాలాంటి వాళ్ళకి ఆ జబ్బు రాదులే. రైలు గుమ్మం దగ్గర నుంచునే వాళ్ళకి గాలి అన్ని వైపులా సమానంగా కొడుతుంది.

…ఊరికే అన్నానే.

…చర్చి అయ్యగారు కూడా వచ్చారా? స్త్రీల సమాజం వాళ్ళంతానా? ఇంట్లోనే ప్రార్థన పెట్టారా… మంచిదే.

…మంచిదే అన్నాగా. గొంతులో ఏముంది?

…ఏం లేదు. నాకు చికెన్ గున్యా వచ్చి కాళ్ళు పట్టేసి పడుంటే ఎవరొచ్చారా అని గుర్తొచ్చింది. …నువ్వొచ్చావులే. పెసరకట్టు పట్టుకుని వచ్చావు. నిన్ను చూడ్డానికి మా వీధంతా వచ్చింది. నాకు జ్వరమని వాళ్ళకి అప్పుడే తెలిసింది.

…ఆ, నవ్వు. వంకరగా అయితే ఏం, నవ్వు.

లిడియా… హనుమంతరావు గారు నీకు ఫోన్ చేశారా?

…

ఉన్నావా?

…ఎప్పుడు? …మొన్ననా? అంటే ఓనరు గారు నాకంటే ముందు నీకే చెప్పారన్నమాట. అందుకా నువ్వు నా ఫోన్ ఎత్తంది.

…ఏడవకు. కన్ను నలుపుకోకు, చెప్తుంటే.

ఏమన్నారు? …ఊఁ. …ముందు కౌంటర్లో వద్దులేమ్మా, జనం చూస్తుంటే నీకే ఇబ్బంది అన్నారు. …ఊఁ. …వెనక గదిలో నీడపట్టున కూర్చో, ఫాల్సూ పికోలూ కుట్టుకో, ఎవరికీ కనపడవు అన్నారు.

…ఆ వెనక గదిలో ఉన్నది ఒక్క మిషనే కదే.

…తెలుసా? తెలిసే నోరు మూసుకుని కూర్చున్నావా?

…సరే. సరే. భయమేసింది. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు. నాకు మాత్రం ఆయన చక్కగా చెప్పారు. ఈ పొద్దున, తాళాలు తీస్తూ, గుమ్మంలోనే. ‘పాపం లిడియాకి ఇలా అయిపోయింది. నీ సీటు దానికిద్దాం. నువ్వు గట్టిదానివి, నువ్వెక్కడైనా బతుకుతావు’ అన్నారు. ఈ నెలాఖరు దాకా రమ్మన్నారు.

…గట్టిదాన్నంట. ఎప్పుడు చూశారో నా గట్టితనం.

…అడక్కుండా ఉంటానా? అడిగా. ‘సార్, మా చెల్లెలికి మిషను తొక్కడం రాదండీ’ అన్నా. ‘నేర్చుకుంటుందిలే’ అన్నారు. ‘మా ఆయన నడుం పడిపోయి ఇంట్లోనే ఉంటున్నాడండీ, మా అబ్బాయి అభినవ్ ఇంకా చదువుకుంటున్నాడండీ’ అన్నా. ‘ఊఁ, ఊఁ’ అంటూ ఫోన్ చూసుకుంటున్నారు. నేనేం అడిగినా ఆయన ఫోనే చూసుకుంటారు లిడియా. నువ్వు ఆయన దగ్గరికి వస్తే అదే ఫోను జేబులో పెట్టుకుంటారు. ఇన్నేళ్ళలో నువ్వు గమనించావా? నేను గమనించా.

…నిష్ఠూరం కాదు.

…కాదేంటి, నిష్ఠూరమే. కోపం కూడా. నాకు కోపంగా ఉందే. ఆయన మీద. అయ్యగారి మీద. కొంచెం నీ మీద కూడా.

…నువ్వేం చేశావా? ఏం చెయ్యలేదు. అదే కదా. నువ్వెప్పుడూ ఏం చెయ్యక్కర్లేదు.

…గుర్తుందా, మన రేపల్లె గుళ్ళో క్రిస్మస్ నాటకం? ఏటా నువ్వే మరియమ్మవి. నేను గొర్రెల కాపరిని. అది మగపిల్లల వేషం. బొగ్గుతో నాకు మీసం గీసేవాళ్ళు. …నవ్వుతావేం? ఒక ఏడు నిజం గొర్రెపిల్లని తెచ్చారు, దానికీ చప్పట్లు కొట్టారు. పక్కన తాడు పట్టుకున్నదాన్ని ఎవరూ చూడలేదు.

…బాధపడ్డానా? అప్పుడు లేదులే. చిన్నపిల్లని, ఏం తెలుసు. తర్వాత తర్వాత తెలిసింది. నీతో బస్సెక్కితే నాకూ సీటు దొరికేది. నువ్వు లేకపోతే తెనాలి నుంచి బాపట్ల దాకా నుంచునే. నీతో వెళ్తే ఆసుపత్రిలో కూర్చోండమ్మా అనేవాళ్ళు. నేనొక్కదాన్నే వెళ్తే పక్కకి నుంచో అనేవాళ్ళు. ఇద్దరం కలిసి ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, ‘మీరు సొంత అక్కచెల్లెళ్ళా?’ అని. సొంత అని ఒత్తి మరీ. అవునండీ అవునండీ అని నా నోరు పడిపోయింది.

…ఈ ఉద్యోగమూ నీవల్లేగా. ‘లిడియా వాళ్ళక్కా? అయితే రమ్మను’ అన్నారు. నా కుట్టు చూడనైనా లేదు. ఇప్పటికీ నా పేరు తెలీదాయనకి. ‘లిడియా వాళ్ళక్కా, ఈ చీరకి ఫాల్ వెయ్యి. లిడియా వాళ్ళక్కా, టీ తాగావా?’

…మంచాయనే. చెడ్డాయన అయితే తిట్టుకునేదాన్ని, ప్రాణం హాయిగా ఉండేది.

…కాదు లిడియా, విను. నేను చెప్పేది ఒక్కటే. నీకు అందం ఉన్నన్నాళ్ళూ ఉందని ఇచ్చారు. ఇప్పుడు పోయిందని ఇస్తున్నారు. నాకు మొదట్నించీ లేదుగా. పోవడానికి ఏముంది? అందుకని నన్ను చూస్తే ఎవరికీ జాలి కూడా పుట్టదు.

…

…ఎక్కువ అన్నానా?

…అలిసిపోయానే. అందుకే అన్నా. ఊరుకో.

…ఏంటీ, మానేస్తావా? నువ్వు మానేస్తే నా సీటు నాకు మిగుల్తుందనా? అప్పుడేమంటారో తెలుసా? ‘పాపం లిడియా, వాళ్ళక్కే రానివ్వలేదు’ అంటారు. కొట్టంతా అదే అంటుంది. అమ్మ కూడా అదే అంటుంది. …ఆ, చేసింది. బాపట్ల నుంచి ఇందాకే చేసింది. ‘దానికి కష్టమొచ్చిందే, ఇచ్చెయ్యవే పెద్దదానివి’ అంది. నేను తిన్నానా అని కూడా అడగలేదు.

…లేదు, అమ్మని ఏమీ అనలేదు. సరేనమ్మా అన్నా. ఏమంటా?

…నేను ఫోన్ చేసింది దెప్పడానిక్కాదు. ఒక పని ఉండి చేశా. …చెప్తా, ఉండు. నోరు రావట్లేదు.

…నువ్వు ఆయన్ని అడగాలే.

…నాకోసం. మా అక్క సీటు మా అక్కకే ఉంచండి, నేను ముందు కౌంటర్లోనే నుంచుంటానండీ అని అడగాలి. …ఫోన్లో కాదు. ఎదురుగా వచ్చి. ఫోన్లో అడిగితే సరేనమ్మా చూద్దాం అంటారు, అంతటితో సరి. ఎదురుగా నుంచుని అడగాలి నువ్వు.

…ఈ మొహంతోనే. ఇంకే మొహంతో వస్తావు?

…ఎవరు కొంటారా? నీ దగ్గరా? పిచ్చిదానా. చీర మడత విప్పి భుజం మీద వేసుకుని చూపిస్తావు నువ్వు. వచ్చినవాళ్ళు చీరని చూస్తారనుకున్నావా? నిన్ను చూస్తారు. అది కట్టుకుంటే నీలాగా ఉంటామనుకుని కొనుక్కెళ్తారు. ఇంటికెళ్ళి కట్టుకుంటే నాలాగా ఉంటారు. మర్నాడు మార్చుకోడానికి వస్తారు.

…నవ్వావు! విన్నా. నవ్వావు.

…కొంతమంది చూస్తారు. నిజమే. అయ్యో అనేవాళ్ళు ఉంటారు. పక్క కౌంటరుకి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. ఉండరని చెప్పను. నేను అబద్ధం చెప్తే నీకు తెలిసిపోతుంది.

…అద్దం తీసేశావా? మీ ఆయనే, అజయ్ బాబే తీసేశాడా? …ఎందుకు తియ్యడం? రోజూ చూసుకుంటేనేగా అలవాటయ్యేది. నేనెలా అలవాటు చేసుకున్నా?

…నన్నా? వీడియోలోనా? …నేను చూసి ఏం చెప్పాలి? …అందరూ బానే ఉంది బానే ఉంది అంటున్నారా. …సరే, నిజమే చెప్తా. కట్ చెయ్యకు, ఉండు. వసుంధర ఫోన్లో నెట్ ఉందో లేదో.

…ఆ, తిరుగుతోంది… తిరుగుతోంది… వచ్చింది. ఆ కనపడేది సీలింగు. నీ వైపు తిప్పు. …గుమ్మం వైపు రా, వెలుతుర్లోకి. చున్నీ తియ్యి.

…తియ్యవే. నేనేగా.

…

…ఆగు, చూస్తున్నా.

…ఇంకొంచెం ఇటు.

…

…చెవి కింద ఇంకా పావురం నెత్తురు ఉంది, కడుక్కో.

…చెప్తా. నిజమే చెప్తా. కుడివైపు నువ్వే. ఏం మారలేదు. ఎడంవైపు…

…ఎడంవైపు నేను.

…ఒట్టు. చెంప జారి, కంటి కింది రెప్ప వేలాడి, మూతి కిందికి దిగి… అచ్చం నేనే. రోజూ అద్దంలో చూసుకుంటా కదా, నాకు తెలీదా?

…ఏడుస్తావేంటి? నా మొహం వచ్చినందుకా?

…కాదా? మరెందుకు?

…

…ఏంటీ? మళ్ళీ చెప్పు, సరిగ్గా వినపడలేదు.

…ఇన్నాళ్ళూ నేను ఇలా… ఎలా తిరిగానా అని ఏడుస్తున్నావా?

…

…ఊరుకో. ఊరుకోవే. నాక్కూడా ఏడుపొస్తుంది, మెట్ల మీద కూర్చున్నా, అందరూ అన్నాలు తింటున్నారు.

…నీకు సగమే వచ్చింది. అది కూడా తగ్గుతుందన్నాడు డాక్టరు. నాది మొత్తం, తగ్గేది కాదు. తిరగట్లా? తింటున్నా, తిరుగుతున్నా, పెళ్ళి చేసుకున్నా, పిల్లాణ్ణి కన్నా.

…ఇంకోటి చెప్పనా? నువ్వు అందంగానే ఉన్నావు. …ఇప్పుడు కూడా. …పని కోసం చెప్పట్లేదు. సరే, పని కోసం కూడా. కానీ నిజం. చిన్నప్పట్నించీ ఊరంతా చెప్తుంటే నాకు చెప్పబుద్ధి కాలేదు. ఇవాళ చెప్తున్నా. విన్నావుగా, ఇక మళ్ళీ అడక్కు.

…ఆ ఫోను దించు ఇంక. వీడియో వసుంధర నెట్టంతా తినేస్తుంది.

…వస్తావా మరి? …రేపే. పొద్దుటి రేపల్లె పాసింజరుకి రా. నేను తెనాలి స్టేషన్లో ఉంటా. …ముందు గుమ్మంలోంచే వెళ్దాం. …నేనా? నేనెప్పుడూ సందులోంచే కదా. …సరే, సరే. నీతోపాటే వస్తా.

…ఒప్పుకోకపోతేనా? …ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారనుకో, ఒప్పుకున్నట్టే. పెట్టుకోకుండా చూసుకుంటూ ఊఁ ఊఁ అన్నారనుకో… అప్పుడు ఇద్దరం ఇంకో చోటు చూసుకుందాం. ఏం చేస్తాం? కానీ పెట్టుకుంటారు. ఇప్పటికీ నీకైతే పెట్టుకుంటారే. నాకదే కోపం, నాకదే ఆశ.

…ఆ, వసుంధరా, ఇస్తున్నా! ఒక్క నిమిషం… లిడియా, పిలుస్తున్నారు నన్ను. ‘లిడియా వాళ్ళక్క ఏది’ అంటున్నారంట.

…ఏంటి? …స్టేషన్ నుంచి కొట్టు దాకా బజారంతా చూస్తారనా? చూడనీ. నిన్ను ఎప్పుడు చూడలేదని?

…చున్నీ వద్దు. వద్దన్నానా? …నేనుంటాగా. నీకు ఎడంపక్కన నడుస్తా. …ఎందుకేంటి? ఆ వైపు నుంచి చూసేవాళ్ళకి తేడా తెలీదు. …ఈ ఒక్కసారైనా సొంత అక్కచెల్లెళ్ళమని అడక్కుండానే నమ్ముతారు.

…నవ్వుతున్నావో ఏడుస్తున్నావో, కన్ను మాత్రం నలుపుకోకు. …పెట్టేస్తున్నా.